ఎగ్జైట్ చేసేదెవరు, అయ్యేదెవరు?

(భీమవరంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల వేళ దగ్గరపడింది, ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఇంటర్వ్యూల్లో మన పిల్లల నోట తరచూ వినబడే వాక్యం ఒకటుంది: 'ఐ యామ్ వెరీ ఎగ్జైటింగ్ టు జాయిన్ యువర్ కంపెనీ.' అవతల కూర్చున్నవాళ్లు నవ్వాపుకుంటారు. ఎందుకంటే దానర్థం 'నేను జనానికి మహా హుషారెక్కించే మనిషిని' అని. నిజమే కావచ్చు, కానీ ఎవరి గురించి వాళ్లే చెప్పుకుంటే బాగుండదు కదండీ.

ఇది తెలివితక్కువ పొరపాటు కాదు, తెలుగు వాక్యంలోంచి వచ్చింది. 'నాకు చాలా ఎగ్జైటింగ్‌గా ఉంది' అని రోజూ అంటాం. అందులో తప్పేమీ లేదు. నాకు ఆకలిగా ఉంది, నాకు భయంగా ఉంది, అదే వరస. ఇంగ్లీషులోకి దిగేసరికి ఆ 'నాకు' కాస్తా 'ఐ' అయిపోతుంది, 'ఎగ్జైటింగ్' మాత్రం కదలదు. అక్కడ 'ఎగ్జైట్' సకర్మక క్రియ. రేపేది ఒకటి, రేగేది ఒకటి ఉండాలి. రేపేది ఎగ్జైటింగ్, రేగినవాళ్లు ఎగ్జైటెడ్. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోటకి ప్రభలు కౌశిక కాలువ దాటి వస్తుంటే ఆ తీర్థం ఎగ్జైటింగ్, గట్టు మీద ఈలలేసే మీరు ఎగ్జైటెడ్. బోరింగ్, బోర్డ్ కూడా ఇంతే. 'ఐ యామ్ బోరింగ్' అన్నారంటే ఇక మిమ్మల్ని ఎవరూ పలకరించరు.

మనం ఈ మాటని సంతోషానికే కట్టేశాం. మనిషిని ఎగ్జైట్ చేస్తే చాలాసార్లు ఉత్సాహమే. కానీ కర్మస్థానంలో ఏదైనా భావం పేరు వస్తే సంగతి మారిపోతుంది. కుతూహలం, అనుమానం, అసూయ, జాలి, దేన్నైనా ఎగ్జైట్ చేయవచ్చు. మన 'రేకెత్తించు' దీనికి బాగా దగ్గర.

చట్టం పట్టుకున్నది ఈ రెండో వాడుకనే. పాత శిక్షాస్మృతిలో 124ఎ, రాజద్రోహం సెక్షన్, 1870లో చేర్చారు. ప్రభుత్వం మీద వైముఖ్యాన్ని ఎగ్జైట్ చేసినా, చేయబోయినా నేరమే అంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడినప్పుడు చిలకమర్తివారు తెలుగు చేసి చెప్పారు. 'భరతఖండంబు చక్కని పాడియావు' పద్యం ఆ సభల్లోదే. వందేమాతరం గొడవలో అక్కడి కాలేజీలోంచి బహిష్కరించినవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. మరుసటి ఏడాది 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన రాతకి ఆయన్ని రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. 2024 జులై 1న కొత్త న్యాయసంహిత వచ్చింది, 'వైముఖ్యం' అన్న మాట పోయింది. 152వ సెక్షన్‌లో వేర్పాటునో సాయుధ తిరుగుబాటునో 'ఎగ్జైట్' చేస్తే అని ఉంది. క్రియ అదే. దీనికి దాయాది 'ఇన్‌సైట్' (incite). ఎగ్జైట్ మనసులో రేపుతుంది, ఇన్‌సైట్ పనికి పురిగొల్పుతుంది. రెండింటికీ మూలం ఒకే లాటిన్ ధాతువు, కదిలించడమని అర్థం.

మనసు సంగతి వదిలేసి, రొయ్యల చెరువు గట్టు మీదకి రండి. రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ వేశారు. ఇంజను తిరుగుతోంది, కరెంటు మాత్రం పుట్టదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి, ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలుతోంది. మెకానిక్ వచ్చి 'ఫీల్డ్ ఎగ్జైట్ అవట్లేదండీ' అంటాడు. లోపలి ఇనుములో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంతత్వం చచ్చిపోయింది. వోల్టేజిని అదుపులో ఉంచే ఏవీఆర్ వైర్లు విప్పి, ప్లస్సూ మైనస్సూ చూసుకుని, అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డ్ తీగచుట్టకి పన్నెండు వోల్టుల బ్యాటరీ క్షణంసేపు తాకిస్తాడు. వోల్టేజి లేస్తుంది. ఫిజిక్సు వాళ్లకి పరమాణువు కూడా ఇలాగే శక్తి తీసుకుని ఎగ్జైటెడ్ స్థితికి వెళుతుంది. దానికి సంతోషమూ లేదు, కోపమూ లేదు.

చివరిగా రెండు చిన్న సంగతులు. 'ఎగ్జైటెడ్ అబౌట్' అనండి. 'ఎగ్జైటెడ్ ఫర్' ఇప్పుడు కుర్రాళ్లలో బాగా నడుస్తోంది గానీ, దరఖాస్తులో 'అబౌట్' అయితే ఎవరూ వేలెత్తి చూపరు. పలకడంలో 'గ్జ' కాదు, 'క్స': ఇక్‌సైట్, ఊనిక రెండో అక్షరం మీద. ఇందాకట్నుంచీ నేను 'ఎగ్జైట్' అనే అంటున్నాను, అది మన ఊరి పలుకు, ఇక్కడ చెల్లుతుంది. ఇక అడగండి, వెనక బెంచీవాళ్లు ముందు.