అంచు చిరిగిన నోటు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి. సమయం తక్కువ, మన్నించండి. వచ్చే నెల మీరంతా కంబోడియా వెళ్తున్నారని, అక్కడి అంగ్‌కోర్ వాట్ గుడి గోడ మీది క్షీరసాగర మథనం గురించి చెప్పమని పిలిచారు. చెబుతాను. దానికి ముందు డబ్బు సంగతి ఒకటుంది. అది చెప్పకుండా మిమ్మల్ని పంపలేను.

అక్కడ పెద్ద హోటళ్లలో కార్డు చెల్లుతుంది. టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, ఎక్కినా, బజారులో తిన్నా, కొబ్బరిబోండం తాగినా ఎక్కువగా నోటే తియ్యాలి. ఆ నోట్లూ రెండు రకాలు: అమెరికా డాలరు, ఆ దేశపు సొంత రియెల్. డాలరుకు సుమారు 4,000 రియెల్‌లు. మీరు డాలర్లిస్తే, డాలరు లోపు చిల్లర రియెల్‌లలో చేతికొస్తుంది.

సొంత డబ్బున్న దేశంలో డాలరెందుకండీ? 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి రాగానే డబ్బునే రద్దు చేసింది. రాజధాని ఫ్నోమ్‌పెన్‌లో జాతీయ బ్యాంకు భవనాన్ని పేల్చేశారు. దాదాపు నాలుగేళ్లు ఆ జనానికి నోటు లేదు, బజారు లేదు. 1980లో రియెల్ తిరిగొచ్చింది, నమ్మకం రాలేదు. 1992-93లో ఐక్యరాజ్యసమితి శాంతి సిబ్బంది డాలర్లతో దిగారు. ఆ డాలరే వేళ్లూనుకుంది.

ఇక నా సంగతి. అంగ్‌కోర్ పక్కనున్న ఊరు సియెమ్‌రీప్‌లో ఏటీఎం నాకు వంద డాలర్ల నోట్లిచ్చింది. పొద్దుటి నుంచి ఎండలో గుళ్లన్నీ తిప్పిన టుక్‌టుక్ అబ్బాయికి ఇవ్వాల్సింది ఇరవై. వంద తీశాను. అతని దగ్గర చిల్లర లేదు. మూడు దుకాణాలు తిరిగాడు. నాలుగో దుకాణంలో నోటు అంచున గోరంత చిరుగు చూపించి వెనక్కిచ్చేశారు. "మిషనిచ్చిన నోటు ఎందుకు చెల్లదు?" అని నేను అతని మీదే గొంతు లేపాను. నలుగురూ చూస్తున్నారు. అతను చేతులు జోడించి, "రేపివ్వండి సార్" అని వెళ్లిపోయాడు.

బసలో ఉన్న అమ్మాయి రాత్రి విడమరచి చెప్పింది. చిరిగిన డాలరు అమెరికాలో చెల్లుతుంది. ఇక్కడ పుచ్చుకున్నవాడు మార్చుకోబోతే కోత పడుతుంది, ఒక్కోసారి అసలే తీసుకోరు. రియెల్ ఎంత నలిగినా ఎవరూ కాదనరు, అది వాళ్లది. నేను ఎవరి మీద అరిచానో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే అడుగుతున్నాను, వెనక వరసల్లో ఉన్నవాళ్లూ వినండి. బ్యాంకు తెరిచి ఉండగా, బ్యాంకు దగ్గరున్న ఏటీఎంలోనే డబ్బు తియ్యండి. పెద్ద నోటొస్తే అక్కడే లోపలికెళ్లి ఒకట్లు, ఐదులుగా మార్చుకోండి. ప్రతి నోటూ అంచులు చూసి పుచ్చుకోండి. తీసిన ప్రతిసారీ రుసుము పడుతుంది కనుక రోజూ కొంచెం కొంచెం తియ్యొద్దు. రియెల్‌లు వాడెయ్యండి, ఆ దేశం దాటితే వాటిని మార్చేవాళ్లు దొరకరు. దయచేసి, దయచేసి, టుక్‌టుక్ ఎక్కే ముందే చిల్లర ఉందో లేదో చూసుకోండి.

మర్నాడు సూర్యోదయం చూపించడానికి అతను నాలుగున్నరకే వచ్చి నిలబడ్డాడు. చిన్న నోట్లలో ఇరవై ఇచ్చాను. బండి దీపం ముందు ఒక్కొక్కటీ పట్టి అంచులు చూసుకున్నాడు. ఐదు డాలర్ల నోటొకటి వెనక్కిచ్చాడు. మారు మాట్లాడకుండా ఇంకోటి తీసిచ్చాను.

ఇక క్షీరసాగర మథనం చెక్కిన తూర్పు మండపానికి వద్దాం. మొదటి బొమ్మ వెయ్యి బాబూ.