పెన్సిల్‌తో మొదలయ్యే పాఠం

శ్రోతలకు నమస్కారం.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. దక్షిణాఫ్రికా పాఠాన్ని చాలాకాలం నెల్సన్ మండేలాతోనే మొదలుపెట్టేవాడిని. 27 ఏళ్లు జైల్లో ఉన్నారు, 1994లో దేశాధ్యక్షుడయ్యారు అనగానే పిల్లలు చప్పట్లు కొట్టేవారు, బెల్లు మోగేది. కానీ ఆయన పోరాడింది దేనిమీదో వాళ్లకు తెలిసేది కాదు. "తెల్లవాళ్లు చెడ్డవాళ్లు" అని రాసి మార్కులు తెచ్చుకునేవారు. జాతిని బట్టి మనుషుల్ని విడదీసిన అక్కడి పాలనకే అపార్తీడ్ అని పేరు. అది కొందరి చెడ్డతనం మాత్రమే కాదండీ. రిజిస్టర్లు, కార్డులు, స్టాంపులతో రోజూ నడిచిన ఆఫీసు పని అది. ఆ సంగతి చెప్పకపోతే పాఠం చెప్పనట్టే.

అందుకే ఇప్పుడు ఒక పెన్సిల్ చేత్తో పట్టుకుని మొదలుపెడతాను. 1950లో అక్కడ జనాభా నమోదు చట్టం వచ్చింది. ప్రతి మనిషినీ ఏదో ఒక జాతి కింద రాయాలి. చూస్తే తేలని వాళ్ల జుట్టులో కొందరు అధికారులు పెన్సిల్ దూర్చి చూసేవారు. జారి పడితే తెల్లజాతి, ఇరుక్కుంటే కాదు. ఏ వీధిలో ఉండాలి, ఏ బడికి వెళ్లాలి, ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు, అన్నీ ఆ రాతను బట్టే.

సాండ్రా లైంగ్ సంగతి చెప్పేటప్పుడు క్లాసు కదలదు. అమ్మానాన్నలు తెల్లవాళ్లే. పాప ఒంటిరంగు, ఉంగరాల జుట్టు చూసి బడి వద్దంది. 1966లో, పదేళ్ల పిల్లను పోలీసులు వచ్చి బడినుంచి తీసుకెళ్లారు. ప్రభుత్వం ఆమెను 'కలర్డ్', అంటే మిశ్రమ జాతి, అని నమోదు చేసింది. తండ్రి పోరాడాక మరుసటి ఏడాది మళ్లీ 'తెల్ల' అని మార్చింది. ఒకే పాప, రెండు జాతులు! ఇది విన్నాక జాతి అంటే ఏమిటో నేను వేరే వివరించక్కర్లేదు.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాతి ఏళ్లలో తెలుగు జిల్లాల నుంచి ఎందరో అక్కడి చెరకు తోటలకు వెళ్లారు. 1931 నాటికి ఆంధ్ర మహాసభ పెట్టుకునేంతగా స్థిరపడ్డారు. తర్వాత, ఏ జాతివాళ్లు ఏ ప్రాంతంలో ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చి డర్బన్‌లోని వేలాది భారతీయ కుటుంబాలను ఉన్నచోటు నుంచి లేపి, చాట్స్‌వర్త్ లాంటి కాలనీలకు పంపింది.

పిల్లలు సొంతం చేసుకునేది మాత్రం జోహన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్లుండే సొవెటో కథనే. నల్ల పిల్లల బడుల్లో సగం సబ్జెక్టులు ఆఫ్రికాన్స్‌లో చెప్పాలని ప్రభుత్వం పట్టుబట్టింది. అది వాళ్లను అణిచేవాళ్ల భాష. 1976 జూన్ 16న వేలమంది విద్యార్థులు యూనిఫారాల్లోనే ఊరేగింపుగా బయల్దేరారు. పోలీసులు కాల్చారు. చనిపోయినవారిలో హెక్టర్ పీటర్సన్‌కు 12 ఏళ్లు. మా ఏడో తరగతి పిల్లల వయసు.

కొందరు టీచర్లు క్లాసును రెండుగా విడగొట్టి, ఒక రోజంతా ఒకరిని తక్కువగా చూసే ఆట ఆడిస్తారు. జోహన్నెస్‌బర్గ్‌లోని అపార్తీడ్ మ్యూజియంలో 'తెల్లవారు', 'తెల్లవారు కానివారు' అని టికెట్లిచ్చి వేర్వేరు గేట్లలో పంపుతారు. అక్కడ అది సరే, వచ్చినవాళ్లు కాసేపటికి వెళ్లిపోతారు. నా క్లాసులో మాత్రం నేనా పని చెయ్యను. ఇంటి దగ్గర, వీధిలో ఆ అవమానం ఇప్పటికే పడ్డ పిల్ల ఎవరో నాకు తెలియదు కదా.

ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, మా ఊరి టీకొట్టులో మాకు గ్లాసులు వేరేగా ఉండేవని తాతయ్య చెప్పాడు. అదీ అపార్తీడేనా?" అంది.

తేడా చెప్పాను. అక్కడ చట్టమే మనుషుల్ని విడదీసింది. ఇక్కడ 1950 జనవరిలో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం, 17వ అధికరణంలో అంటరానితనాన్ని నిషేధించింది. వాళ్లు మనుషుల్ని జాతులుగా నమోదు చేసే చట్టం తెచ్చిందీ ఆ ఏడాదే.

"మరి నిషేధించాక కూడా గ్లాసులు ఎందుకున్నాయి సార్?"

ఆ రోజు పాఠం ముందుకు సాగలేదు. బెల్లు మోగేదాకా అందరం ఆ ప్రశ్న దగ్గరే కూర్చున్నాం.