హాట్ టబ్ రివ్యూ: సగం వీడియో కవర్ గురించే అయిపోయింది

హాయ్ అండి, అందరూ బాగున్నారా. ముందే చెప్పేస్తా, బయట పెట్టుకుని వేడినీళ్లలో కూర్చునే ఈ టబ్ మా డబ్బులతోనే కొన్నాం, కవర్ లిఫ్టర్, అంటే టబ్ మీది మూతని ఎత్తి మడిచే స్టాండు మాత్రం డీలర్ ఫ్రీగా ఇచ్చాడు, వీడియోలో చూపించమని. చూపిస్తా, నాకు ఏం అనిపించిందో అదే చెప్తా. మోడల్, రేటు డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. ఎన్ని సీట్లు, ఎన్ని జెట్లు (నీళ్లు జోరుగా చిమ్మే రంధ్రాలు), మోటార్ ఎంత అనేది ఈపాటికి మీరు నాలుగైదు వీడియోల్లో చూసేసి ఉంటారు, మళ్లీ నేను చదివి వినిపించను.

నేను ఇవాళ కవర్ గురించి మాట్లాడతా. నవ్వకండి. న్యూజెర్సీ చలిలో నీళ్లు కాచడం కష్టం కాదండి, కాచిన వేడి పోకుండా ఆపడమే కష్టం, అది ఎక్కువగా పోయేది పైనుంచే, ఆవిరైపోయి. షోరూమ్‌కి వెళ్తే సేల్స్ అతను నలభై జెట్లు, యాభై జెట్లు అని ఊదరగొడతాడు, కవర్ సంగతేంటి బాబూ అంటే "అదీ వస్తుంది సర్" అంటాడు. అక్కడే నాకు మండుద్ది. జెట్లు ఎన్ని పెడితే ఏంటి, ఉన్న పంపు ప్రెషరే కదా అన్నీ పంచుకోవాలి.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తా. మధ్యలో 5 అంగుళాల మందం, అంచుకొచ్చేసరికి 3, వాన నీళ్లు నిలవకుండా జారిపోవాలని ఆ వాలు. లోపల ఫోమ్, దాని చుట్టూ ప్లాస్టిక్ షీటు సీల్ చేసి ఉంటుంది. ఆ షీటుకి చిల్లు పడిందా, ఫోమ్ మెల్లగా నీళ్లు పీల్చేసి ఇద్దరు పట్టినా లేవనంత బరువెక్కుతుంది. సెకండ్ హ్యాండ్ టబ్ కొనేవాళ్లు ముందు కవర్ ఎత్తి చూడండి, మోటార్ సంగతి తర్వాత.

ఇక కవర్ మధ్యలో ఈ మడత. చవక కవర్లకి రెండు చివర్లా చెరో ఫోమ్ ముక్క పెట్టి మధ్యలో వదిలేస్తారు, దీనికి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే సీల్. తేడా ఎలా తెలుస్తుందంటే మంచు పడాలి. మా ఫ్రెండ్ వాళ్ల టబ్ మీద మంచు పడితే సరిగ్గా మధ్యలో పాపిడి తీసినట్టు గీత కరిగిపోయి ఉంటుంది, అంటే వాళ్ల కరెంటు బిల్లు ఆ గీతలోంచి పైకి పోతోందన్నమాట. మా దాని మీద మొన్న పడింది పడినట్టే ఉంది, నేను పొద్దున్నే చెప్పులేసుకుని బయటికెళ్లి చూసొచ్చా, మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందనుకుంది.

దీనికి ముందు మాకు గాలి నింపే టబ్ ఉండేది లెండి. సెప్టెంబర్ దాకా బ్రహ్మాండం. బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే వాడొద్దని దాని మాన్యువల్‌లోనే ఉంది, మరి మనకి కావాల్సిందే అప్పుడు కదండీ!

టబ్‌కి కరెంటు కనెక్షన్ 120 వోల్టులా 240నా అని చాలామంది అడుగుతున్నారు. 350 గ్యాలన్ల టబ్ అనుకోండి, నీళ్లే 2,900 పౌండ్లు దాటతాయి. 120లో 1 కిలోవాట్ హీటర్ ఉంటే గంటకి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్, మహా అయితే డిగ్రీ పావు పెరుగుతుంది, అదే 240లో 5.5 కిలోవాట్లయితే ఆరు డిగ్రీల పైనే. 60 డిగ్రీల కుళాయి నీళ్లు 102కి రావాలంటే మొదటిదానికి ఒకటిన్నర రోజు, రెండోదానికి ఒక పూట. పైగా 120 వోల్టుల చిన్నవాటిలో చాలావరకు జెట్లు ఫుల్‌గా తిరుగుతుంటే హీటర్ ఆగిపోతుంది. కానీ 240కి 50 యాంప్స్ జీఎఫ్‌సీఐ బ్రేకరు (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసేది), ఎలక్ట్రీషియను, టౌన్‌షిప్ (ఇక్కడి మునిసిపాలిటీ) పర్మిటు, ఆ ఖర్చు టబ్ రేటులో ఉండదు. చెక్క డెక్ మీద పెడదాం అనుకునేవాళ్లు ఆ 2,900కి టబ్ బరువు, మనుషుల బరువు కూడా కలుపుకుని ఇంజనీర్‌ని అడగండి.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, "మూడు నెలలు అవే నీళ్లా? ఛీ!" అని. అవే నీళ్లే అమ్మా, అందుకే ముందు షవర్ చేసి దిగాలి, క్లోరిన్ కానీ బ్రోమిన్ కానీ వేస్తూ పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి, మూడు నాలుగు నెలలకి మార్చేయాలి. మనవాళ్లకి స్పెషల్‌గా ఒక మాట, తలకి కొబ్బరి నూనె పెట్టుకుని దిగకండి, దిగనివ్వకండి, చుట్టాలైనా సరే. జెట్లు వేయగానే నురగ పొంగి బయటికొస్తుంది, ఫిల్టర్ జిడ్డు పట్టేస్తుంది. షాక్ డోస్ (నీళ్లు శుభ్రం కావడానికి ఒకేసారి ఎక్కువగా వేసే మందు) వేశాక ఒక ఇరవై నిమిషాలు కవర్ తీసే ఉంచండి, మూసేస్తే ఆ ఘాటుకి కవర్ అడుగున వినైల్ పాడైపోతుంది.

సరే, ఫ్రీ లిఫ్టర్. ఒంటిచేత్తో కవర్ వెనక్కి మడతపడుతుంది, సూపర్, కానీ టబ్ వెనక రెండడుగులు ఖాళీ మింగేస్తుంది, ఫెన్స్‌కి ఆనించి పెట్టేవాళ్లకి పనికిరాదు. ఆ ముక్క డీలర్ చెప్పడు. బ్లూటూత్ స్పీకర్లు దండగ, జెట్ల మోతలో పాట వినపడదు. పడుకునే సీటు అయితే మా ఆవిడలా పొట్టిగా ఉండేవాళ్లకి అస్సలు కుదరదు, పడుకుంటే తేలిపోతారు, ఆ చోట ఇంకో మామూలు సీటు ఇచ్చుంటే బాగుండేది.

అయినా నేను పదికి తొమ్మిది ఇస్తున్నా, అందులో ఐదు కవర్‌కే. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాని నాలుగు పట్టీల తాళాలు వేయకుండా లోపలికి రాకండి, వేడి ఎప్పుడూ 104 దాటనివ్వకండి, గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. ఎలక్ట్రీషియన్ కొటేషన్లు ఎలా పోల్చుకోవాలో వచ్చే వీడియోలో చూపిస్తా, మీకు ఎంత అడిగారో కామెంట్‌లో పెట్టండి, ఊరి పేరుతో సహా.