"వాళ్ల డబ్బు, వాళ్ల టీమ్" అనేవాళ్లకు నా జవాబు

నమస్తే. ఈరోజు సూటిగా విషయంలోకి వెళ్లిపోదాం. ఈ మాట విని విని నాకు నిజంగా విసుగొచ్చింది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ మీద గానీ, మన హైదరాబాద్ ఎఫ్‌సీ మీద గానీ వీడియో పెట్టానంటే చాలు, కింద ఒకరు తప్పకుండా రాస్తారు. "ఆళ్ల డబ్బు, ఆళ్ల టీము. నచ్చితే కోచ్‌ని ఉంచుతారు, నచ్చకపోతే పీకేస్తారు. మధ్యలో నీకేటి బాధ?" అని. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతుంటే మా స్నేహితులదీ ఇదే పాట. రాత్రి ఒంటిగంటన్నర మ్యాచ్ కోసం మేలుకుని, పొద్దున్నే ఎర్ర కళ్లతో డ్యూటీకి పోయేవాళ్లు కూడా ఇదే మాట అంటుంటే బాధేస్తుంది. ఎందుకంటే అక్కడ ఆడుతున్నది క్లబ్బు ఓనర్ల సొంత డబ్బు కాదు. సరిగ్గా అక్కడే మోసపోతున్నాం.

దీన్ని మన ఉద్దానం లెక్కలో చెప్తాను.

[స్క్రీన్ మీద: జీడి తోట బొమ్మ]

పలాస దగ్గర ఒక పెద్ద జీడి తోట ఉందనుకోండి. ముదురు చెట్లు, ఏటా మంచి కాపు, ఎవరికీ పైసా బాకీ లేదు. ఒకాయన వచ్చి "ఈ తోట నేను కొంటాను" అన్నాడు. చేతిలో సగం డబ్బు కూడా లేదు. మిగతాది అప్పు తెచ్చాడు. ఏం తాకట్టు పెట్టి? తాను కొనబోయే ఆ తోటనే పెట్టి! రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ అప్పు తోట నెత్తిన పడింది. ఇక ఏటా జీడిపిక్కలు అమ్మిన డబ్బులో మొదటి వాటా వడ్డీకి పోతుంది. ఎరువుకి, కంచెకి, బోరు మోటారుకి ఆ తర్వాతే. చివరికి తోట తనను కొన్నవాడి బాకీ తనే తీరుస్తోందన్నమాట.

2005లో మాంచెస్టర్ యునైటెడ్‌కి జరిగింది ఇదే. అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొంది. అందులో సగానికి పైగా అప్పే. 1931 నుంచి అప్పు లేకుండా నడిచిన క్లబ్బు ఒక్కసారిగా అప్పుల్లో మునిగింది. ఈ పద్ధతిని లెవరేజ్డ్ బయౌట్ అంటారు. చట్టప్రకారం తప్పేమీ లేదు, నాకు కోపం తెప్పించేది కూడా అదే. ఆనాటి నుంచి వడ్డీలకే వందల మిలియన్ల పౌండ్లు పోయాయి. దానికి తోడు ఓనర్లు డివిడెండ్లు కూడా తీసుకున్నారు. అప్పటి అభిమానుల్లో కొందరు ఇక భరించలేక అదే ఏడు ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బే పెట్టుకున్నారు. 2010లో నిరసనగా యునైటెడ్ గ్యాలరీలు ఎరుపు వదిలి ఆకుపచ్చ, బంగారు రంగు కండువాలతో నిండిపోయాయి. అవి యునైటెడ్ మొదట్లో న్యూటన్ హీత్ పేరుతో ఆడిన రోజుల్లో వేసుకున్న రంగులు.

ఇక్కడ వెంటనే ఒక వాదన వస్తుంది. "మరి పోగ్బాకి 8.9 కోట్ల పౌండ్లు పెట్టారు కదా, ప్లేయర్ల మీద అంత ఖర్చు పెట్టారు కదా?" అని. పెట్టారు. ఎవరి డబ్బు? టికెట్లు, టీవీ హక్కులు, జెర్సీలు, స్పాన్సర్లు. అంటే తోట కాపు. మన జిల్లాలో ఒక కుర్రాడు వేలు పోసి ఒరిజినల్ జెర్సీ కొన్నా, మ్యాచ్ చూడ్డానికి సబ్‌స్క్రిప్షన్ కట్టినా అందులో కొంత అక్కడికి చేరుతుంది. కాబట్టి "నీకేటి బాధ" అని అడిగే తమ్ముడూ, ఆ కాపులో నీ చేతి నుంచి పోయిందీ ఉంది. ఓనర్ జేబులోంచి వచ్చిన డబ్బంటే 2024లో బ్రిటిష్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ వాటా కొంటూ స్టేడియం, వసతుల కోసమని పెట్టిన 30 కోట్ల డాలర్లను చెప్పుకోవాలి. ఆయన మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి గానీ, ఈ ఒక్కటీ న్యాయంగా ఒప్పుకోవాలి.

కాపంతా వడ్డీకి పోతే కంచె ఏమవుతుందో 2024 మేలో ఆర్సెనల్ మ్యాచ్ రోజున ప్రపంచమంతా చూసింది. వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ కప్పులోంచి నీళ్లు జలపాతంలా గ్యాలరీలోకి దూకాయి. ఆ స్టేడియంలో చివరిసారి పెద్ద విస్తరణ జరిగింది 2006లో. ఆ వీడియో చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు.

సరే, ఇప్పుడు కోచ్‌ల సంగతి. అసలు గొడవంతా ఇక్కడే.

తోటలో కోచ్ ఎవరు? కౌలుదారు. నేల అతనిది కాదు. ఏ మొక్కలు కొనాలన్నది పూర్తిగా అతని చేతిలో లేదు. కానీ కాపు తగ్గితే ఊరంతా తిట్టేది అతన్నే, ఖాళీ చేయించేది కూడా అతన్నే.

2013లో యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ రిటైరయ్యారు. డేవిడ్ మోయెస్‌కి ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే 2014 ఏప్రిల్‌లో పంపేశారు. వాన్ హాల్ వచ్చాడు. 2016లో ఎఫ్‌ఏ కప్ గెలిచిన రెండు రోజులకు తీసేశారు. తర్వాత మొరీన్యో, 2018 డిసెంబర్ దాకా. తర్వాత సోల్‌షేర్, 2021 నవంబర్ దాకా. 2022లో టెన్ హాగ్.

ఈ పేర్లు అందరికీ తెలుసు. మనం వేసుకోని లెక్క ఒకటుంది. వీళ్లలో ప్రతి ఒక్కరి ఆట వేరు. వాన్ హాల్‌కి బంతి మన కాళ్ల దగ్గరే ఉండాలి. మొరీన్యో ముందు గోల్ కాపాడుకోమంటాడు. సోల్‌షేర్ కౌంటర్ ఎటాక్ మనిషి. ప్రతి కోచ్ తన ఆటకు సరిపోయే ప్లేయర్లని తెప్పించుకున్నాడు. అతను వెళ్లాక కూడా ఆ ప్లేయర్లు నాలుగైదేళ్ల కాంట్రాక్టుతో, భారీ జీతంతో అక్కడే ఉండిపోయారు. తోటలో జీడి వేసిన కౌలుదారుని పంపి, కొబ్బరి వేసేవాణ్ని తెచ్చారు. కొబ్బరి కాపుకి రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. రెండో ఏడే "కాపేది?" అని అతన్నీ పంపేశారు. ఇప్పుడు ఆ నేలలో సగం జీడి, సగం లేత కొబ్బరి, నడుమ ఎవరో నాటి వదిలేసిన మామిడి. కొత్తగా వచ్చినవాడు ఎంత పనిమంతుడైనా ఏం చేస్తాడు?

దీనికి 2024ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మేలో టెన్ హాగ్ ఎఫ్‌ఏ కప్ గెలిచాడు. అయినా తీసేయాలా వద్దా అని వారాల తరబడి నానబెట్టారు. జులైలో కాంట్రాక్టు 2026 దాకా పొడిగించారు. వేసవిలో అతని కోసం డిలిక్ట్, మజ్రావి, జిర్క్‌జీ, ఉగార్తెలను కొన్నారు. అక్టోబర్ 28న తీసేశారు. అతనికీ అతని సిబ్బందికీ పరిహారం కోటి పౌండ్లు దాటింది. నవంబర్‌లో రూబెన్ అమోరిమ్‌ని తెచ్చారు. ఆయనది ముగ్గురు డిఫెండర్లు, మైదానం అంచుల వెంట ముందుకీ వెనక్కీ పరిగెత్తే ఇద్దరు వింగ్‌బ్యాక్‌ల ఆట. వింగ్‌బ్యాక్‌లే లేని జట్టుని ఆయన చేతికిచ్చారు, అదీ సీజన్ మధ్యలో. ఆ సీజన్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగిసింది. బిల్బావోలో యూరప్ క్లబ్బుల కప్పు యూరోపా లీగ్ ఫైనల్ కూడా టోటెన్‌హామ్‌కి పోయింది.

అదే ఏడాది ఖర్చు తగ్గించాలని దాదాపు 250 మంది ఉద్యోగులను తీసేశారు. సీజన్ మధ్యలో మిగిలిన టికెట్లను పిల్లలకూ వృద్ధులకూ రాయితీ లేకుండా 66 పౌండ్లు చేశారు. నాలుగు నెలల్లోపే కోచ్ విషయంలో మనసు మార్చుకున్నది ఆఫీసు. దానికి మూల్యం కట్టింది క్యాంటీన్‌లో పనిచేసే అమ్మ, మనవణ్ని మ్యాచ్‌కి తీసుకెళ్లే తాత. నాకు రక్తం మరిగేది ఇక్కడే.

కోచ్‌ల తప్పు లేదని నేననను. అమోరిమ్ ఎన్ని మ్యాచ్‌లు ఓడినా ఆ ఫార్మేషన్ వదలకపోవడం నాకు నచ్చలేదు. కానీ వరసగా ఇంతమంది ఫెయిల్ అయితే, ఇంతమందినీ ఎంపిక చేసింది ఎవరని అడగాలి కదా? 2013 నుంచి 2022 దాకా పైన కూర్చుని నడిపించింది ఎడ్ వుడ్‌వర్డ్. 2005లో గ్లేజర్లు క్లబ్బు కొన్నప్పుడు వాళ్లకు సలహాలిచ్చిన బ్యాంకరు ఆయన. అప్పు లెక్కలు తెలిసినంత మాత్రాన ఫుట్‌బాల్ తెలుస్తుందా?

డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు జట్టు నిర్ణయాలు చేతిలోకి తీసుకోవడం మన పక్కనున్న విజయనగరానికి కొత్త కాదు. అక్కడి రాజకుమారుడు విజ్జీ గారు సొంత ఖర్చుతో క్రికెట్ జట్టు నడిపారు, 1930లో ఇంగ్లండ్ ఆటగాళ్లు జాక్ హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ ఇండియాకు రప్పించి ఆడించారు. ఆ ఉపకారం పెద్దది, నేను తక్కువ చేయను. కానీ 1936లో ఆయనే కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. సిరీస్ ఓడిపోయాం. ఆటని ప్రేమించడం, పోషించడం వేరు. జట్టుని ఎంచడం వేరు.

ఇప్పుడు మన హైదరాబాద్ ఎఫ్‌సీ. ఇది చెప్పాలంటే నాకు గొంతు పట్టేస్తుంది.

[స్క్రీన్ మీద: 2022 మార్చి 20, ఫతోర్దా స్టేడియం, గోవా]

2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ వచ్చింది. మొదటి సీజన్ అట్టడుగు. తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. మూడేళ్లు ఉంచారు. అదే అసలు విషయం, ఉంచారు! కుర్రాళ్లని నమ్మాడు, ఒకే ఆట నేర్పాడు. రెండో ఏడు ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు, కప్ మనది. తర్వాతి ఏడు లీగ్‌లో రెండో స్థానం. కౌలుదారుని కొన్నేళ్లు ఆగనిస్తే ఏమవుతుందో చూడండి, ఇక్కడ మూడేళ్లకే చెట్లు విరగకాశాయి.

2023లో మార్కెజ్ గోవాకి వెళ్లిపోయాడు. అప్పటికే పైన డబ్బు ఆడట్లేదు. జీతాలు ఆగాయి. ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, అంటే కొత్త ప్లేయర్లని తీసుకోకూడదు. విదేశీ ప్లేయర్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో తంగ్‌బోయ్ సింగ్టో అనే మన దేశపు కోచ్ టీమ్‌ని మైదానంలోకి దింపుతూనే ఉన్నాడు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ రోజుల్లో సింగ్టోని తిట్టిన తెలుగువాళ్లను చూశాను. జీతం రాని పిల్లలతో ప్రతి వారం ఆడించడం ఎంత కష్టమో ఆలోచించారా? నా లెక్కలో ఆయన చేసింది చాలా గొప్ప పని.

2024లో జిందాల్ గ్రూపు క్లబ్బు తీసుకుంది. 2025లో అది ఢిల్లీకి వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కప్ గెలిచిన మూడున్నరేళ్లకి తెలుగు నేల మీద ఐఎస్‌ఎల్ టీమే లేదు. హైదరాబాద్ అంటే రహీమ్ సాబ్ ఊరు. ఆసియా క్రీడల్లో 1951లో, 1962లో ఇండియాకి బంగారు పతకాలు తెచ్చిన కోచ్ ఊరు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పాత ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన ఊరు. టీమ్ ఢిల్లీకి పోతుంటే అభిమానిని అడిగినవాడు లేడు. "ఆళ్ల డబ్బు, ఆళ్ల టీము" అనే మాట చివరికి చేరేది ఇక్కడికే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

కేరళ బ్లాస్టర్స్. 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ భాగస్వాములైన క్లబ్బు కాబట్టి మనవాళ్లకు దగ్గరే. 2024 డిసెంబర్‌లో కోచ్ స్టారేని తీసేశారు. అయినా మంజప్పడ అభిమానులు చల్లబడలేదు, మేనేజ్‌మెంట్ మీదే నిరసన చేశారు. సరైన చోట అడిగారు.

జర్మనీ. అక్కడ 50+1 రూల్ ఉంది. క్లబ్బులో సగానికి మించి ఓట్లు సభ్యులైన అభిమానుల సంఘం చేతిలోనే ఉండాలి. లెవర్కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి మినహాయింపులున్నాయి. బయర్న్‌లో 75 శాతం సభ్యుల సంఘానిదే. 2023-24లో లీగ్ మీడియా హక్కుల ఆదాయంలో బయటి పెట్టుబడిదారుకు వాటా ఇవ్వబోతే అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచన మానుకుంది. అక్కడ కూడా కోచ్‌లని తీసేస్తారు, కానీ ఎందుకు తీసేశారని అడగడానికి ఒక సమావేశం, ఒక ఓటు ఉంటాయి.

ఇక ఇంగ్లండ్. 2021 ఏప్రిల్‌లో యూరప్ పెద్ద క్లబ్బులు తమకోసం వేరే లీగ్ పెట్టుకుంటామని సూపర్ లీగ్ అన్నారు. ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీల నుంచి పన్నెండు క్లబ్బులు కలిశాయి. అభిమానులు వీధుల్లోకి వస్తే రెండు రోజుల్లో కూలిపోయింది. మే 2న ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి జనం చొరబడితే లివర్‌పూల్ మ్యాచ్ వాయిదా పడింది. మ్యాచ్ ఆపడం నాకు ఇష్టం లేదు, కానీ వాళ్లకి మిగిలిన దారేదో చెప్పండి.

ఇక మన దేశంలో ఫ్రాంచైజీ ఎక్కడికైనా కదిలిపోవచ్చు, అభిమానుల సంఘానికి వాటా లేదు, ఓటు లేదు. హైదరాబాద్ అభిమానుల సంఘాలే కలిసి ఒక చిన్న క్లబ్బు పెట్టి కింది డివిజన్ నుంచి మొదలుపెట్టొచ్చా, ఎంత ఖర్చవుతుంది, ఫెడరేషన్ నిబంధనలు ఏమంటాయి అని చాలామంది అడిగారు. వచ్చే వీడియో పూర్తిగా దాని మీదే చేస్తాను. జిల్లా లీగ్‌లు నడిపిన అనుభవం ఉన్నవాళ్లు, ఉత్తరాంధ్రలో గానీ తెలంగాణలో గానీ, కింద రాయండి. మీతో మాట్లాడాకే ఆ వీడియో తీస్తాను.