విరిగితే ఎవరు బాగుచేస్తారు?

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ఎండను లెక్కచేయకుండా వచ్చిన పెన్షనరు మిత్రులందరికీ నమస్కారం. ఆహ్వాన పత్రంలో నా అంశం ‘వృద్ధాప్యంలో దంత సంరక్షణ’ అని వేశారు. అంతా మాట్లాడే సమయం లేదు. దవడ ఎముకలో బిగించే మరల మీద, అంటే ఇంప్లాంట్ల మీద కట్టే పళ్ళ సెట్టుకు ఏ పదార్థం వాడాలన్న ఒక్క సంగతే చెబుతాను. మీ గ్రాట్యుటీ డబ్బు లక్షల్లో అక్కడికి పోతోంది. ఆ పదార్థం గురించి మాత్రం మీకు ఎవరూ సరిగా చెప్పడం లేదు.

ఎముకలోకి దిగే మర వేరు, దాని మీద కూర్చునే పళ్ళు వేరు. మర దాదాపు ఎప్పుడూ టైటానియమే. స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఊడి రాకపోవడం గమనించాడు. 1965లో మనిషి దవడలో పెట్టాడు. దాని మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ మర మీద కూర్చునే పళ్ళతోనే.

యాక్రిలిక్ కట్టుడు పళ్ళు 1930ల చివరి నుంచి వాడుకలో ఉన్నాయి. తేలిక, ధర తక్కువ. అయితే అరుగుతాయి, కాఫీ మరకలు పడతాయి, సరిగా కడగకపోతే వాసన వస్తుంది. లోహం మీద వేసిన పింగాణీ అందంగా ఉంటుంది కానీ పెచ్చులూడుతుంది. పీక్ అనే గట్టి ప్లాస్టిక్ బరువు తక్కువ, కొంచెం వంగుతుంది. దీర్ఘకాల అనుభవం దానికి ఇంకా చాలదు.

ఇక జిర్కోనియా, పింగాణీ జాతికి చెందిన తెల్లటి గట్టి పదార్థం. వంపును తట్టుకునే బలం 900 నుంచి 1,200 మెగాపాస్కల్స్. యాక్రిలిక్‌కు సాధారణంగా 100 లోపే. ఈ అంకె చూపించే దాన్ని అమ్ముతారు. కానీ అయ్యా, జిర్కోనియా వంగదు. హద్దు దాటితే పగులుతుంది. పగిలితే ఏం చేస్తారు?

మొన్నామధ్య ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు నా దంత వైద్యశాలకు వచ్చారు. పై దవడ మొత్తానికి ఒకే ముక్కగా జిర్కోనియా పళ్ళు. చివరి ఇంప్లాంట్ దాటి వెనక్కి చాచిన భాగం విరిగింది. ఆ ముక్కను దూది చుట్టి కుంకుమ భరిణెలో పెట్టి తెచ్చారు. నా బల్ల మీద పెట్టి, ‘దీన్ని అతికించండి నాయనా’ అన్నారు. నమలడానికి పనికొచ్చేలా అతకదమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు. ‘ఇది జీవితాంతం ఉంటుందన్నారే’ అన్నారు.

ఏ కంపెనీ ఇంప్లాంటో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. వేరే ఊళ్ళో చేయించుకున్నారట. కంపెనీని బట్టి మర తల మారుతుంది, దాన్ని విప్పే పనిముట్టూ మారుతుంది. ఎక్స్‌రే పట్టుకుని ఒక్కో పనిముట్టూ ఆనించి చూస్తూ కూర్చున్నాను. చివరికి మొత్తం పై దవడ సెట్టు కొత్తగా చేయవలసి వచ్చింది. యాక్రిలిక్ పన్ను ఒకటి ఊడి ఉంటే ల్యాబులో అతికించి, ఆమె ఇంటికి వెళ్ళే బస్సుకు అందేలా ఇచ్చేవాళ్ళం. ఇది చెబుతుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీదనో మీకు తెలుసు.

మరో మాట మధ్యలో చెప్పాలి. సహజమైన పంటి వేరు చుట్టూ సన్నటి పొర ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే మన నోరు దానంతటదే ఆగేది ఆ పొర వల్లే. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. ఎంత గట్టిగా కొరుకుతున్నామో సరిగా తెలియదు. ఆ ఒత్తిడిలో కొంత యాక్రిలిక్ అరిగి తాను తీసుకుంటుంది. జిర్కోనియా అరగదు.

అలాగని జిర్కోనియా చెడ్డదని వెళ్ళి చెప్పకండి! నేనూ వేస్తాను. మరక పట్టదు, నునుపుగా ఉంటుంది, పాచి తక్కువ చేరుతుంది. దవడల మధ్య చోటు తక్కువగా ఉన్నవారికి యాక్రిలిక్ కన్నా అదే నయం. చివరి ఇంప్లాంట్ దాటి వెనక్కి చాచిన భాగం పొట్టిగా ఉండాలి, మందం చాలినంత ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే వద్దంటాను.

వెనక వరుసలో ఒకరు చేయి ఎత్తి అడుగుతున్నారు, మరి మమ్మల్ని ఏది కట్టించుకోమంటారని. కింది దవడలో పళ్ళే లేకపోతే, ముందు రెండు ఇంప్లాంట్లు, వాటికి బిగిసే, తీసి కడుక్కోగల యాక్రిలిక్ సెట్టు చూడండి. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరిన నిపుణులు మొదటి ఎంపికగా చెప్పింది కూడా రెండు ఇంప్లాంట్ల సెట్టే. సెట్టును ఇంప్లాంట్లకు పట్టి ఉంచే లోపలి నైలాన్ టోపీలు అరిగితే మార్చుకోవాలి, అది కుర్చీలో కూర్చుని ఉండగానే అయ్యే పని. ఊడదీయని పళ్ళే కావాలంటే, టైటానియం కడ్డీ మీద యాక్రిలిక్ అడగండి.

ఏది కట్టించుకున్నా సరే, అమ్మా, అయ్యా, దయచేసి వినండి: ఇంప్లాంట్ కంపెనీ పేరు, కొలత, బ్యాచ్ నంబరు, పైన వేసిన పదార్థం, ల్యాబు పేరు, ఇవన్నీ రాసిన కాగితం అడిగి తీసుకోండి. నమూనా ఫారం ఆ తలుపు దగ్గరి బల్ల మీద పెట్టించాను, వెళ్ళేటప్పుడు తలా ఒకటి పట్టుకెళ్ళండి. అది నింపి సంతకం చేసి ఇచ్చాకే డాక్టరుకు చివరి వాయిదా కట్టండి.