పటం గీయకముందే ఊరిని అడగాలి

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, ఓపికగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘ప్రకృతి ఆధారిత పరిష్కారాల రూపకల్పనలో గ్రామీణుల పాత్ర’. వరద, కరువు, నేల కోత లాంటి సమస్యలను చెట్లను, అడవులను పెంచి, కాపాడి ఎదుర్కోవడమే ఈ పరిష్కారాలంటే. ఆ ‘పాత్ర’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. ఎవరో రాసేసిన కథలోకి ఊరివాళ్లను పాత్రలుగా తీసుకురావడమే ఇన్నాళ్లూ జరుగుతున్న పొరపాటు.

చాలా ఏళ్ల క్రితం, ఒక కొండవాలును పచ్చగా మార్చే పథకాన్ని ఊరివాళ్లకు వివరించే సభలో నేనూ వేదిక మీద ఉన్నాను. పటంలో ఆ వాలు మీద ‘నిరుపయోగ భూమి’ అని రాసి ఉంది. వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి, “అది ఖాళీ జాగా కాదు నాయనా, వానలు పడ్డాక మా మేకలు మేసేది అక్కడే. మొక్కలు పెడితే వాటినెక్కడికి తోలాలి?” అని అడిగింది. పటానికి ఆమోదం వచ్చేసిందని, మొక్కలకు ఆర్డరు కూడా వెళ్లిందని జవాబు వచ్చింది. నేను నోరు విప్పలేదు. మూడో వేసవి నాటికి ఆ వాలు మీద మొక్కలు మిగల్లేదు. నివేదికలో తప్పు మేకల మీదికి పోయింది. ఆమె ప్రశ్నను ముందే విని ఉంటే, వాలును భాగాలు చేసి, ఒక భాగంలో మొక్కలు నిలదొక్కుకునేదాకా మరో భాగాన్ని మేతకు వదిలే పద్ధతి ఆమే చెప్పి ఉండేది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2004 సునామీ తరువాత శ్రీలంకలో మడ అడవులు నాటిన 23 చోట్లను పరిశోధకులు పరిశీలిస్తే, 9 చోట్ల ఒక్క మొక్కా బతికి లేదు. తగని చోట నాటడం, నాటాక పట్టించుకోకపోవడం అందుకు ముఖ్య కారణాలు. మడ మొక్క ఆటుపోట్ల మధ్య ఒక ఎత్తులోనే నిలుస్తుంది. నీరు ఎక్కడిదాకా ఎక్కుతుందో, ఎంతసేపు నిలుస్తుందో రోజూ ఆ నీటిలో దిగే జాలరికి తెలుసు. ఆ తెలివిని కొలతలతో సరిచూసుకోవాలి, నిజమే. కానీ అడగకుండా కొలవడం దేనికి?

నైజర్ దేశం దక్షిణ ప్రాంతాల్లో 1980ల నుంచి రైతులు కొత్త మొక్కలు నాటడం కన్నా, పొలాల్లో నరికిన మోళ్ల నుంచి వచ్చే చిగుళ్లలో బలమైనవాటిని ఎంచి కాపాడుకుంటూ వచ్చారు. అలా దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి లేచాయి. అంతకుముందు చెట్టు ప్రభుత్వానిదన్న నియమం ఉండటంతో రైతుకు దానిని పెంచాలన్న ఆశ ఉండేది కాదు. ఆ పట్టు సడలాకే చిగురు నిలిచింది. అందుకే హక్కు గురించి మాట్లాడకుండా భాగస్వామ్యం గురించి మాట్లాడితే నాకు నమ్మకం కలగదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఇలాంటి పరిష్కారాల కోసం 2020లో వెలువరించిన ప్రమాణంలోని 8 సూత్రాలలో ఐదవది అందరినీ కలుపుకుపోయే పాలన గురించే. కాగితం మీద లోటు లేదు. అయినా ఆ పెద్దావిడ నిలబడిన చోటే నా ఆలోచన ఆగిపోతోంది. మిత్రులారా, రేపు మీ ముందుకు ఒక ప్రణాళిక వచ్చినప్పుడు, చివర ఎన్ని సంతకాలున్నాయని చూడకండి. ఊరిలో మొదటి సమావేశం జరిగిన తేదీని, పటం గీసిన తేదీని పక్కపక్కన పెట్టి చూడండి. పటమే ముందు పుట్టి ఉంటే, దయచేసి దానిని వెనక్కి పంపండి.