హ్యావక్‌కు ముందు ఏ క్రియ?

సభకు నమస్కారం. అధ్యక్షులవారి మంచి మాటలకు కృతజ్ఞతలు. సమయం తక్కువని చీటీ కూడా అందింది, అందుకని తిన్నగా విషయంలోకి వస్తాను.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మన చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు తెలుగులో 'బీభత్సం సృష్టించింది' అంటాం. అదే ఇంగ్లిషులో రాయాల్సివస్తే మనవాళ్ల కలం నుంచి దిగేది 'రెక్డ్ హ్యావక్'. అయ్యా, ఆ రెక్ వద్దు! రెక్ అంటే ధ్వంసం చేయడం. హ్యావకే విధ్వంసమాయె, దాన్నీ ధ్వంసం చేస్తే మిగిలేది క్షేమమేగా? అక్కడ ఉండాల్సింది రీక్. డబ్ల్యూ, ఆర్, ఇ, ఎ, కె. దీర్ఘంగా పలకండి. పగ తీర్చుకోవడమన్నది దాని పాత అర్థాల్లో ఒకటి. భూతకాలం రీక్ట్. 'రాట్ హ్యావక్' అనేవాళ్లూ ఉన్నారు. నిజానికి రాట్ అనేది వర్క్‌కు పాత భూతకాల రూపం, రీక్‌ది కాదు. అయినా వాడుకలో పాతుకుపోయింది, పోనివ్వండి. రెక్డ్‌ని మాత్రం ఒప్పుకోను.

అసలు హ్యావక్ అంటే యుద్ధభూమిలో వేసే కేక. పాత ఫ్రెంచిలో 'హవోట్' అంటే కొల్లగొట్టడం. ఆ కేక వినబడితే సైనికులు దోపిడీకి దిగొచ్చు. పోరు తేలకముందే ఎవడో అరిచాడనుకోండి, వరసలు చెదిరి అందరూ మూటలు కట్టుకునే పనిలో పడతారు. శత్రువు తిరగబడితే ఇక అంతే. అందుకే 1385లో ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ తన సైనిక నిబంధనల్లో ఈ కేకకు శిరచ్ఛేదం విధించాడు. ఒక్క కేకకు తల!

ఇక్కడ ఇంగ్లిషు పాఠం చెప్పేవారున్నారా? షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' మూడో అంకంలో, సీజర్ ఆత్మ రాజు గొంతుతో 'హ్యావక్' అని అరుస్తుందంటాడు ఆంటోనీ. పిల్లలకు దాన్ని ఆర్తనాదమని చెప్పకండి. అది ఆజ్ఞ.

వాడుక సంగతి రెండు ముక్కల్లో. లెక్కపెట్టే మాట కాదు, కాబట్టి ముందు 'ఎ' రాదు, చివర 'ఎస్' రాదు. హ్యావక్‌కు ముందు రీక్ బదులు ప్లే కూడా వాడతారు. రీక్ అంటే తర్వాత ఆన్, ప్లే అంటే తర్వాత విత్. కరెంటు హెచ్చుతగ్గులు ఫ్రిజ్ మోటారును తిప్పలు పెడితే ప్లే చాలు.

వెనక ఎవరో 'ఐఎన్‌జీ చేరిస్తే?' అంటున్నారు. హ్యావక్ క్రియగా అరుదు. వాడితే సి తర్వాత కె చేర్చాలి, ప్యానిక్‌కు చేర్చినట్టే. లేదంటే 'హ్యావసింగ్' అని చదువుతారు. 'రీకింగ్ హ్యావక్' అనడమే సుఖం. అక్కడ మాత్రం డబ్ల్యూ మరిచి, రెండు 'ఇ'లు పెట్టారో, కంపు కొడుతోందని అర్థం!